పిష్టకుక్కుటమును ప్రభుత్వధనమును

హైదరాబాదు నగరమున రెండు పరిశోధనాలయములకు 2019 సంవత్సరమున కేంద్రప్రభుత్వపు జీవసాంకేతికశాఖ సుమారు నాలుగున్నర కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అందొకటి హబ్సిగూడలో జనులు సీసీఎంబీ యని పిలుచు కణజీవశాస్త్ర కేంద్రము. రెండవది చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రము. పశువును చంపకయే మాంసమును పుట్టించు ఉపాయమును వెదకుటకై యీ సొమ్ము ఇయ్యబడినది. ప్రభుత్వముల లెక్కలలో నాలుగున్నర కోట్లనగా ఏదో యొక మూల వ్రాయబడు పద్దు. అయినను ఈ చిన్న పద్దు వెనుక ఒక ధర్మప్రశ్న గలదు. ప్రజలు పన్నుగా కట్టిన ధనమును, ఆ ప్రజలే తిను కూటిని మార్చుటకై వెచ్చించు అధికారము ప్రభుత్వమునకు గలదా? గలదేని, అది యెంతవరకు?

ప్రశ్న ఆ రెండు కేంద్రములతో ముగియలేదు. 2024 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన 'బయో ఈ3' యను విధానమున ఆరు రంగములను పేర్కొనగా, వానిలో 'స్మార్టు ప్రోటీను'లకును చోటు దొరకినది. ఈ పేరున మూడు తెగల పదార్థములు చేరియున్నవి. సోయా, బఠాణి, శనగ మొదలగు గింజలలోని ప్రోటీనును వేరుచేసి మాంసమువలె గాని పాలవలె గాని తయారుచేయునవి మొదటి తెగ. బూజులను, ఈస్టును, బాక్టీరియమును పెద్దతొట్లలో పులియబెట్టి తీయునవి రెండవ తెగ. మూడవది సాగుమాంసము. బ్రతికియున్న జంతువునుండి గోరంత కండ తీసి, అందలి కణములను చక్కెర, లవణములు, అమైనో ఆమ్లములు కలిపిన ద్రవమునందుంచి, జంతువు ఒంటివేడిమి వంటి వేడిమిని కల్పించినచో ఆ కణములు రెండు నాలుగై, నాలుగు ఎనిమిదియై పెరుగును. 2013 ఆగస్టులో మాస్ట్రిక్టు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మార్క్ పోస్టు ఇట్లు పెంచిన గొడ్డుమాంసపు బిళ్ళ నొకదానిని లండనులో నలుగురి యెదుట వండించి రుచి చూపించెను. దానికైన వ్యయము సుమారు రెండున్నర లక్షల యూరోలు. 2020 డిసెంబరులో సింగపూరు ప్రభుత్వము సాగుచేసిన కోడిమాంసము నమ్ముకొనుటకు లోకమున మొట్టమొదట అనుమతి నిచ్చినది. 2023 జూనులో అమెరికా సంయుక్తరాష్ట్రములును ఇచ్చినవి.

చంపకుండ మాంసము తినుట యను ఊహ వినుటకు క్రొత్త. కాని దీనికి మిక్కిలి దగ్గరయైన ధర్మవిచారము మన దేశమున వేయేండ్లకు పూర్వమే, అదియు మన తెలుగునేలమీదనే, జరిగియున్నది. సోమదేవసూరి యను జైనపండితుడు వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, గంగాధర యను చోట, శక సంవత్సరము 881లో, అనగా క్రీ. శ. 959లో, యశస్తిలకమను సంస్కృత చంపూకావ్యమును ముగించెను. ఆ గంగాధర నేటి కరీంనగరు ప్రాంతమున నున్నదే యని చరిత్రకారు లందురు. అందలి కథకు నాయకుడు యశోధరుడను రాజు. భార్య నడతచే మనసు విరిగి, రాజ్యము విడిచిపోదలచి, పీడకల వచ్చినదని తల్లితో సాకు చెప్పెను. కీడు తొలగుటకు దేవికి జంతుబలి యిమ్మని తల్లి చెప్పెను. అతడు హింసకు ఒల్లనన్నాడు. ఆమె పట్టు విడువలేదు. తుదకు ఇరువురును ఒక రాజీకి వచ్చిరి. పిండితో కోడిని చేయించి, దానిని బలి యిచ్చుట. పిండికోడి మెడ కోసినారు. దానిని మాంసమని భావించి ప్రసాదముగా తిన్నారు. ఈ పాపమునకు తల్లియు కొడుకును నెమలి, కుక్క మొదలు కోళ్లవరకు ఎన్నో తిర్యగ్జన్మము లెత్తవలసి వచ్చినదని కథ.

పిండికి ప్రాణము లేదు, రక్తము చిందలేదు, మరి పాపమెక్కడిది? సంకల్పమున నున్నదని జైనుల సమాధానము. చంపుచున్నానను భావముతో కత్తి యెత్తిన యెడ, కత్తి క్రింద నున్నది పిండియైనను కోడియైనను కర్తకు భేదము లేదు. మధ్వసంప్రదాయమువారు ఇందుకు భిన్నముగా, యజ్ఞమున నిజపశువునకు బదులు పిష్టపశువు చాలునని పిండిబొమ్మనే యంగీకరించిరి. ఒకే పిండిముద్ద ఒకచోట పాపమునకును, మరియొకచోట పాపము తప్పించుకొనుటకును సాధనమైనది.

సాగుమాంసము ఈ పిండికోడిని తలక్రిందులు చేసిన వస్తువు. పిండికోడి చూచుటకు జంతువు, లోన మాంసము లేదు. సాగుమాంసము లోనంతయు మాంసమే, వెనుక వధింపబడిన జంతువు లేదు. అక్కడ హింసాసంకల్పము గలదు, హింస లేదు. ఇక్కడ తినువానికి అహింసా సంకల్పమే యుండనక్కరలేదు. చవుకగా దొరకినదని కొనును, రుచిగా నున్నదని తినును. హింస మాత్రము జరుగలేదు. ఇందువలన అతనికి పుణ్యము వచ్చునా? రాదనియే మా తలంపు. కసాయి దుకాణము మూసియున్నందున మాంసము తినని దినము ఉపవాసమని యెవరును లెక్కింపరు గదా.

ఈ మాట పట్టుకొని కొందరు పెద్దలు, మనస్సు మారనిదే తిండి మారిన ప్రయోజనమేమి, ప్రభుత్వము యంత్రములచే అహింసను పండింప జూచుట ధర్మమును అంగడిసరుకుగా చేయుట కాదా, యని యడుగుచున్నారు. ఇది త్రోసివేయదగిన యాక్షేపణ కాదు. అయినను దీనికి సమాధానము మన శాస్త్రములలోనే గలదు. పూర్వమీమాంసయందు ఆరవ యధ్యాయమున ప్రతినిధి విచారమున్నది. యాగమునకు విధించిన ద్రవ్యము దొరకనపుడు దానికి బదులు మరియొకటి గ్రహింపవచ్చునా యనునది అందలి ప్రశ్న. గ్రహింపవచ్చును, వ్రీహులకు బదులు నీవారములు, సోమలతకు బదులు పూతీకము. కాని యన్నిటికిని ప్రతినిధి లేదు. దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రమునకు లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, యజమానికి లేడు. ఏలయన, ఫలము ననుభవింపవలసినవాడు అతడే. అతని స్థానమున మరియొకడు నిలిచిన ఫలమునకు కర్త యెవడు?

మా మనవి యేమనగా, ప్రభుత్వము ఈయగలిగినది ప్రతినిధి ద్రవ్యము మాత్రమే. యజమాని కాజాలదు. అహింసావ్రతమునకు సంకల్పము చెప్పుకొనవలసినవాడు మనుష్యుడు. అతని బదులు శాసనసభ సంకల్పము చెప్పుకొన్న నది చెల్లదు. కాని ద్రవ్యము సమకూర్చుట వేరుపని. దానిని సంకల్పముచే తూచరాదు. రాజ్యమునకు మనస్సు లేదు. చట్టమును, లెక్కపుస్తకమును గలవు. రాజ్యము చేసిన పనిని కొలుచుట కొకటే కొలత: ఎంత బాధ తగ్గినది, ఆ తగ్గుదలకు వెల యెవరు కట్టిరి? గ్రామమున మంచినీళ్ల చెరువు త్రవ్వించినచో కల్లు త్రాగువాడు మానునని గాని, మానినవాడు పుణ్యాత్ముడని గాని యెవరును చెప్పరు. అయినను చెరువు త్రవ్వించుట మంచిపనియే. సోమదేవుని తీర్పు యశోధరుని విషయమున సరియైనది. బొక్కసము విషయమున ఆ తీర్పు చెల్లదు; బొక్కసము దృష్టిలో పిండికోడి యనగా బ్రతికిపోయిన యొక కోడి.

ఇంకొక యాక్షేపణ గలదు. ప్రజల తిండి విషయమున ప్రభుత్వము తటస్థముగా నుండవలెనట. మంచిమాటయే, కాని ప్రభుత్వము ఎన్నడు తటస్థముగా నున్నది? 2020లో కేంద్రప్రభుత్వము పశుపోషణరంగమున వసతుల కల్పనకని 15,000 కోట్ల రూపాయల నిధి నేర్పరచినది. పాల కర్మాగారములకే గాక, మాంసమును శుద్ధిచేయు కర్మాగారములకును, దాణా మిల్లులకును ఈ పథకమున తీసికొన్న అప్పులపై నూటికి మూడు వంతున వడ్డీ తగ్గింపు గలదు. దాని ప్రక్కన ఆ నాలుగున్నర కోట్లను నిలిపి చూడుడు. మన యాంధ్రప్రదేశము గుడ్ల ఉత్పత్తిలో దేశమున మొదటిస్థానమున నున్నదనిన, అందు రైతుల తెలివియు, కష్టమును ఎంత గలవో, దశాబ్దములుగా పశుసంవర్ధకశాఖలును, పశువైద్య కళాశాలలును, బ్యాంకులును ఇచ్చిన చేయూతయు అంత గలదు. ఆ చేయూత వలన పేదవాని పళ్లెములోనికి గుడ్డు వచ్చినది. దానిని మేము తక్కువచేసి చెప్పము. కాని గ్రుడ్లుపెట్టు కోడి రెక్క విప్పుటకైన చోటులేని తీగెగూటిలో బ్రదుకు నీడ్చుచున్నది. మాంసమునకై పెంచు బ్రాయిలరు కోడి యారు వారముల ప్రాయముననే, తన బరువు తన కాళ్లే మోయలేని స్థితిలో, అంగడికి పోవుచున్నది.

మనుస్మృతి యైదవ యధ్యాయమున జంతువధయందు పాలుగలవారి నెన్నుచు కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అని చెప్పిన పట్టికలో మొదట నున్నవాడు అనుమంత. అనగా సరేయని యనుమతి నిచ్చినవాడు. మనువు చెప్పినవన్నియు నేడు మనకు ప్రమాణములు కావు. పెక్కింటిని విడిచిపెట్టియే మనము మనుష్యులమైతిమి. అయినను ఈ పట్టిక వేసినవాని దృష్టి నిశితమైనది. వడ్డీ తగ్గించి యప్పిచ్చిన ప్రభుత్వము అనుమంత కాక మరేమి? కావున ప్రభుత్వము ఈ విషయమున నేడు క్రొత్తగా చేయి పెట్టుచున్నదనుట సరికాదు. ఇదివరకే పెట్టిన చేతిని ఏవైపునకు త్రిప్పవలెనన్నదే ప్రశ్న.

ఇంతవరకు చెప్పినది చూచి, మేము ఈ పనికి ఎంత ధనమైనను కుమ్మరింపుమని చెప్పుచున్నామని పాఠకులు తలపవలదు. ప్రభుత్వములు 'ప్రోటీను'ను నెత్తికెత్తుకొనుట ఇది మొదటిసారి కాదు. వెనుకటి కథ తెలిసికొనుట మంచిది.

1955లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రోటీను విషయమున నొక సలహాసంఘము నేర్పరచినవి. పేదదేశముల పిల్లల కృశతకు ప్రోటీను లోపమే మూలమని యా కాలపు పండితుల నమ్మకము. 1968లో సమితి, రాబోవు ప్రోటీను సంక్షోభమును తప్పించుటకు సకలదేశములును కదలవలెనని యొక నివేదికను ప్రకటించెను. అప్పటి యుత్సాహమును చెప్ప నలవికాదు. ఫ్రాన్సుదేశపు లావెరాలో ఒక పెట్రోలియము కంపెనీ పెట్రోలియపు మైనముపై ఈస్టును పెంచి దాణా చేసినది. ఇంగ్లండున బిల్లింగ్‌హామునందు మరియొక రసాయనసంస్థ మెథనాలుపై బాక్టీరియమును పెంచుటకు పదునైదు లక్షల లీటర్ల తొట్టిని కట్టినది. సోయాపిండి వెలతో పోటీపడలేక ఆ సరుకు తుదకు నిలిచిపోయినది. మన దేశమున మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనాలయము వేరుసెనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి యొకపాలు కలిపి, విటమినులు చేర్చి, సర్వోపయోగ ఆహారమను పేర నొక పొడిని చేసెను. వేరుసెనగ ప్రోటీనును పాలతో కలిపి 'మిల్టోను' అను పానీయమును చేసెను. శాస్త్రదృష్టిచే ఇవి చెడ్డవి కావు. 1960లో ఇంగ్లండున వేలకొలది సీమకోళ్లు చచ్చుటతో వేరుసెనగకు పట్టు బూజులో అఫ్లటాక్సిను అను విషమున్నదని బయలుపడి, ఆ మార్గమునకు పెద్ద యడ్డు వచ్చినది. అదియొక కారణము. అంతకంటె పెద్ద కారణము వేరొకటి గలదు.

1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడు పరిశోధనాలయమున గోపాలన్ గారును వారి సహచరులును దక్షిణాది పేదపిల్లల తిండిని పరిశీలించిరి. ఆ పిల్లల భోజనమున ముఖ్యముగా తక్కువైనది ప్రోటీను కాదు, భోజనమే. అన్నమును పప్పును వారు తిను తీరుననే, కడుపునిండ తినగలిగినచో, వలసిన ప్రోటీను చాలవరకు దానితోడనే వచ్చును. వారికి లేనిది క్రొత్త పొడి కాదు, పాతకూడు కొనుటకు డబ్బు. 1974లో డొనాల్డు మెక్లారెన్ అను వైద్యుడు లాన్సెటు పత్రికలో ఈ ప్రోటీను హడావుడి యంతయు ఒక గొప్ప భంగపాటని వ్రాసెను. అంతర్జాతీయ సంఘములు ప్రోటీను అవసరపు అంకెలను తగ్గించినవి. తొట్లు చల్లబడినవి.

ఇచ్చట చిన్నమాట యొకటి. ప్రోటీనునకు మన పాఠ్యపుస్తకములు పెట్టిన పేరు మాంసకృత్తులు. పప్పులో మాంసకృత్తులు గలవని పాఠము చెప్పినప్పుడెల్ల తరగతిలో నొక పిల్లవాడైనను నవ్వును. ఇంకొకడు, మా యింట మాంసము తినము గదా పప్పు తినవచ్చునా యని యడుగును. దేహమున కండను చేయునది యను నర్థమున పుట్టిన మాట, పప్పునకు మాంసపు వాసన తగిలించినది. ఇప్పటి కంపెనీలవారు గింజల పిండికి మాంసపు రూపు తెచ్చుటకు పడుచున్న పాట్లు చూచినచో, ఈ పని మన పారిభాషిక పదములు చేసినవారు ఏనాడో సగము ముగించిరని తోచును.

భంగపాటుల నడుమ నెగ్గిన కథయు నొకటి గలదు. 1960 తరువాత జబల్పూరు, పంతనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయములు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయము తోడ్పాటుతో సోయాచిక్కుడు వంగడములను మన నేలలో పరీక్షించినవి. మధ్యప్రదేశమున ఆ పంట విస్తరించినది. ఉద్దేశించినది ప్రోటీను, వచ్చినది నూనె. నూనె తీయగా మిగిలిన పిండిలో అధికభాగము కోళ్లకును, పరదేశములకును పోయినది. కాని కొంత భాగము మరయంత్రముల గుండా పోయి, ఎండిన ఉండలై, మన కిరాణా కొట్లలోనికి వచ్చినది. మనము దానిని మీల్‌మేకరు అందుము. ఏ మంత్రియు దానిపై ప్రసంగింపలేదు. వేడినీళ్లలో నానవైచి, పిండి, మసాలాలో వేసి వండిన పేదయింటి ఆదివారపు కూర యది. పెండ్లివిందులలో శాకాహారుల పంక్తిలోనికిని వచ్చినది. చవుక, నిలువయుండును, వండుట సులభము. మాంసమునకు ప్రతినిధియని యెవరును బోధింపకయే ప్రతినిధియైనది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ప్రభుత్వసహాయము ఎచ్చట ఫలించునో కొంత తెలియును. విత్తనము, పరీక్షాక్షేత్రము, రైతు నేర్చుకొను విద్య, వీనిపై పెట్టిన ధనము పదిమందికిని అందినది. పేదవానికి కొరతయేమో తెలిసికొనక, తయారైన పొడిని అతని నోటిలో పోయజూచిన ధనము అందలేదు. కనుకనే 2025 కేంద్రబడ్జెటులో కంది, మినుము, మసూరు పంటలపై దృష్టితో ఆరేండ్ల పప్పుధాన్యముల పథకమును ప్రకటించుటను, పటాన్‌చెరువులోని ఇక్రిశాటు 1972 నుండి కంది, శనగలపై చేయుచున్న కృషిని, మేము ఈ విషయమునకు వెలుపలివిగా చూడము. కందిపప్పును మించిన ప్రతినిధి ద్రవ్యము తెలుగువానికి దొరకవలెనన్న చాలకాలము పట్టును. 2021లో డెన్మార్కు మొక్కల యాహారమునకై 67 కోట్ల 50 లక్షల క్రోనుల నిధి నేర్పరచి, 2023లో దానికొక జాతీయ ప్రణాళికను ప్రకటించినది. మనుష్యులకంటె పందులు ఎక్కువగానున్న దేశమది. అట్టి దేశము మాంసమును నిషేధింపలేదు, మాంసము తినువానిని నిందింపలేదు. మొక్కల యాహారమును రుచిగా వండు విద్యకు ధనమిచ్చినది.

మరి సాగుమాంసమునకు ప్రభుత్వధన మేల? ఇక్కడ నొక రహస్యమున్నది. దానిని చాలమంది యెరుగరు. 2013లో లండనులో వండిన యా బిళ్ళను పెంచిన ద్రవమున పిండదూడ రక్తపు సీరము కలదు. కబేళాలో చూలుగొడ్డును కోసినపుడు గర్భమునందలి దూడనుండి తీయు రక్తము నుండి దీనిని చేయుదురు. కణములు దానియందు చక్కగా పెరుగును. అనగా, చంపకుండ మాంసము పుట్టించు శాస్త్రము తన బాల్యమున కబేళా పాలు త్రాగియే పెరిగినది. పిండికోడి లోపల నిజమైన నెత్తురు! తరువాత సీరము లేని ద్రవములు కనుగొనబడినవి. అట్టి ద్రవమున పెంచిన కోడిమాంసమునకు 2023 జనవరిలో సింగపూరు అనుమతి నిచ్చినది. కాని ఆ ద్రవముల కూర్పులను కనుగొన్న కంపెనీలు వానిని తాళమువేసిన పెట్టెలలో నుంచుట సహజము. పెట్టుబడి పెట్టినవాడు రహస్యము దాచుకొనును. అతనిని తప్పుపట్టి ఫలములేదు. ఈ పని ప్రభుత్వమునకు తగినది. సీరము లేని చవుక ద్రవమును కనుగొని, దాని కూర్పును అచ్చువేసి, చెంగిచర్లలోని విద్యార్థి మొదలు ఏ ఊరి చిన్న వర్తకుడైనను వాడుకొనునట్లు బట్టబయలు చేయుటకు నాలుగున్నర కోట్లు గాక నలుబది కోట్లయినను మేము సమ్మతింతుము. ఒక కంపెనీ కర్మాగారమునకు గోడలు కట్టించుటకు నాలుగు లక్షలైనను సమ్మతింపము. ప్రజల ధనముతో కనుగొన్న విద్య ప్రజలకు తిరిగి అమ్మబడుట కంటె, ఆ విద్య పుట్టకుండుటయే మేలు.

దీనికి ఎదురుగా నడచిన ప్రభుత్వములు గలవు. ఇటలీ 2023 నవంబరులో సాగుమాంసమును చేయుటను, అమ్ముటను చట్టముచే నిషేధించినది. అమెరికాలో ఫ్లారిడా 2024 మే మాసమున అట్లే చేసినది. పశుపోషకుల రక్షణ యని వారు చెప్పిన కారణములలో నొకటి. పరీక్షకు నిలువని సరుకును తినవద్దనుట ప్రభుత్వధర్మము. పరీక్షింపకముందే మరియొకని వ్యాపారము కొరకు వద్దనుట వేరుపని.

ఇక మన దేశమునకే ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. దానిని చెప్పక ఈ వ్యాసమును ముగించుట పిరికితనము. మా యింట మాంసము వండరు. కావున ఈ విషయమున మా మాటను పాఠకులు కొంత తగ్గించి తూచుకొనవచ్చును. 2014లో ప్రభుత్వము జరిపిన నమూనా సర్వేలో, పదునైదేండ్లు దాటినవారిలో మాంసాహారులు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి తొంబదియెనిమిదిమంది. తక్కిన ఇద్దరు చాలకాలముగా తమ వంటయింటినే ధర్మమునకు కొలబద్దగా చూపుచు వచ్చిరి. మాంసము తినని కులము గొప్పదనియు, గొడ్డుమాంసము తినునది నీచమనియు చెప్పి, పంక్తినుండియు, బావినుండియు, బడినుండియు మనుష్యులను వెళ్లగొట్టిన చరిత్ర మనది. ఇట్టి దేశమున 'మాంసమునకు బదులు' అను మాట యెవరి నోట వచ్చినను, వినువానికి పాత తిరస్కారమే వినిపించుట యాశ్చర్యము కాదు. పళ్లెమును ప్రేమించి తెచ్చు ప్రతినిధి వేరు, పళ్లెమును అసహ్యించుకొని తెచ్చు ప్రతినిధి వేరు. తినువానికి ఆ భేదము మొదటి ముద్దలోనే తెలియును.

బడిలో పెట్టు గుడ్డును చూడుడు. 2015లో మధ్యప్రదేశ ప్రభుత్వము అంగన్‌వాడి పిల్లలకు గుడ్లు పెట్టుటకు నిరాకరించెను. 2021 చివర కర్ణాటకమున గుడ్లు పెట్టబోగా కొందరు మఠాధిపతులు ఆక్షేపించిరి. మన రెండు రాష్ట్రముల బడులలో మధ్యాహ్నభోజనముతో గుడ్డు వచ్చుచున్నది. మేము దానిని తినము; కాని గుడ్డును పళ్లెపు అంచున దాచుకొని, అన్నము ముగిసిన పిదప కొంచెము కొంచెముగా కొరుకుచు తిను పిల్లలను చూచుచుండువారము. ఆ గుడ్డు వెనుక తీగెగూటిలోని కోడి బాధ యున్నదని మాకు తెలియును. దానికి బదులు, అంత బలమును, అంత రుచియు, అంత చవుకయు గల పదార్థమేదైన వచ్చి, ఆ పిల్లవాడు దానిని కూడ కడపట తినుటకై దాచుకొన్ననాడు గుడ్డును తీసివేయుట గురించి మాటలాడవచ్చును. ప్రతినిధి పళ్లెములోనికి రాకముందే అసలును తీసివేయుట అహింస కాదు. కోడి హింసను మాన్పక, బిడ్డ హింసను దానికి చేర్చుట. ద్రవ్యము లభింపనప్పుడే మీమాంసకులు ప్రతినిధిని వెదకిరిగాని, ఉన్న ద్రవ్యమును పారబోసి యాగశాలను ఖాళీగా నుంచుమని చెప్పలేదు.

కడపట జీవనోపాధి సంగతి. సీసీఎంబీలో కణములు పెంచుటకు ధనము వచ్చుటకు రెండేండ్ల ముందు, 2017లో, తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమలకు గొఱ్ఱెల పంపకము మొదలుపెట్టినది. ఒక్కొక్క కుటుంబమునకు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు; వెలలో నూటికి డెబ్బదియైదు పాళ్లు ప్రభుత్వమే భరించినది. ఒకే నగరమునుండి రెండు బొక్కసములు, ఒకటి గొఱ్ఱెను పెంచుమనియు, ఒకటి గొఱ్ఱె లేకుండ చేయవచ్చుననియు చెప్పినవి. సాగుమాంసము చవుకయగుటకు పదేండ్లు పట్టునో, ముప్పది పట్టునో. పట్టినను, జియాగూడ మండీకి గొఱ్ఱెలను తోలుకొనివచ్చు కాపరికి ఆ కబురు చిట్టచివర చేరుట న్యాయము కాదు.

అతనికి చెల్లవలసినది జాలి కాదు, హక్కు. సాగుమాంసమునకు మొదటి కణము బ్రతికియున్న జంతువునుండియే రావలెను. అది యే జంతువు? దేశపు గొఱ్ఱెజాతులలో మిక్కిలి పొడవైన నెల్లూరు గొఱ్ఱెను, బీడునేలలో బ్రదికి గొంగళ్లకు ఉన్ని యిచ్చు దక్కనీ గొఱ్ఱెను, ఏ పరిశోధనాలయమును పుట్టింపలేదు. వానలకు తడిసి, ఎండలకు మాడి, మంచి పొట్టేలును ఏరి, చెడ్డదానిని తొలగించి, తరతరములుగా గొల్లకురుమలు తీర్చిన జాతులవి. జీవవనరులను వాడుకొని లాభము పొందువారు ఆ వనరులను కాపాడినవారికి పాలు పంచవలెనని 2002 నాటి జీవవైవిధ్య చట్టము చెప్పుచున్నది. ఒక నెల్లూరు పొట్టేలునుండి తీసిన గోరంత కండ వేయి మణుగుల మాంసమై యమ్ముడుపోవు దినము వచ్చునేని, ఆ యమ్మకములో కాపరి సంఘమునకు ఎంత పాలు చెందవలెనో, పరిశోధనకు సొమ్ము మంజూరు చేయు కాగితముననే వ్రాయవలెను. లాభము వచ్చిన పిదప వ్రాయుదుమనిన, అప్పటికి కాగితము కంపెనీవారి చేతిలో నుండును.